పిల్లి మెడకు పిన్ని కట్టు

ఈజిప్టు ప్రదర్శన మొదలైన మూడో రోజు మా పిన్ని మ్యూజియానికి వచ్చింది. నేను రమ్మనలేదు. రాకుండా ఉండటానికి నాలుగు సాకులు చెప్పాను. నాలుగూ దండగయ్యాయి.

ఆ రోజే నా ఉద్యోగం పర్మనెంటు కావాలి. పాత వస్తువుల మరమ్మతు విభాగంలో ఐదేళ్ళుగా తాత్కాలికంగా వేలాడుతున్నాను. మా పెద్దసారు గదులన్నీ తిరిగి చూసి, అంతా సవ్యంగా ఉంటే మధ్యాహ్నం సంతకం పెడతానన్నారు. అంతా సవ్యంగానే ఉంది, ఒక్క పిల్లి తప్ప.

అది వేల ఏళ్ళనాటి పిల్లి మమ్మీ. పెట్టెలోంచి తీస్తుంటే నా చేతిలోనే దాని మెడ దగ్గర నారబట్ట జారింది. అలాంటప్పుడు ఇంకేమీ ముట్టుకోకుండా, దెబ్బతిన్న వస్తువుల పుస్తకంలో రాసి సారును పిలవాలి. రాస్తే ఉద్యోగం గోవిందా! అటూ ఇటూ చూసి నేనే చుట్టేశాను. చిన్నప్పుడు పిన్ని నా మోకాలి మీద నేర్పిన కట్టు అది. ముప్ఫై ఏళ్ళు ఎముకల వార్డులో నర్సుగా చేసిన మనిషి. కట్టు కొసను మూడు మూలలుగా మడిచి లోపలికి దోపుతుంది. రోగి పీకినా ఊడదు.

పిన్ని బంగారు నగల వైపు కన్నెత్తి చూడలేదు. గోడ మీది బొమ్మల ముందు నిలబడి, "కాళ్ళు అటు, భుజాలు ఇటు తిప్పి నిలబడితే నడుం పట్టేయదూ వీళ్ళకి?" అని జాలిపడింది. తర్వాత తిన్నగా పిల్లి దగ్గరికి నడిచింది. అద్దానికి ముక్కు ఆనించి, హాలంతా వినబడేలా అంది:

"ఒరేయ్, ఇది నా కట్టురా!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. వెనక దగ్గు వినిపించింది. పెద్దసారు.

"ఏంటమ్మా అంటున్నారు?"

పిన్ని ఒక్కసారి నా ముఖం చూసింది. నెత్తురు చుక్కలేని ముఖాలు ఆవిడకు కొత్త కాదు.

"ఏం లేదు బాబూ. మా వార్డులో కట్టే పద్ధతి వీళ్ళకీ తెలుసన్నమాట! ఇన్నాళ్ళూ నేనే కనిపెట్టాననుకుని మురిసిపోయాను" అంది, రెప్ప వేయకుండా.

సారు అద్దం మీదికి వంగిపోయారు. "నిజమే! ఎవరి కంటా పడలేదే! ఇది బోర్డు మీద పెట్టాలి. రాసుకోవయ్యా, 'ప్రాచీన ఈజిప్షియన్లు...'"

కలం తీశాను. ఉద్యోగం కావాలి, చచ్చేంత కావాలి. కాని రేపటి నుంచి బడిపిల్లలు ఆ బోర్డు ముందు నిలబడి నా దొంగపనిని చరిత్ర అనుకుని నోటుపుస్తకాల్లోకి ఎక్కిస్తారు. సిగ్గేసింది.

"వాళ్ళు కట్టింది కాదు సార్, నేను కట్టాను" అన్నాను.

అంత చక్కటి అబద్ధాన్ని మట్టిపాలు చేసినందుకు పిన్ని నన్ను కొరకొరా చూసింది. "చెప్పేశావుగా, ఇక నేనెందుకు దాచాలి? రెండో చుట్టు వదులుగా ఉంది బాబూ. ఇందాకటి నుంచి నా చేతులు పీకుతున్నాయి."

సారు మళ్ళీ అద్దం మీదికి వంగి ఆ రెండో చుట్టు చూశారు. "ముందు వెళ్ళి పుస్తకంలో రాయి" అన్నారు చివరికి. తర్వాత నా ఉద్యోగం కాగితం తీసి, సంతకం పెట్టే చోటు వదిలేసి, దాని పైన రెండు ముక్కలు రాసి నా చేతిలో పెట్టారు. "ఈ అమ్మగారి దగ్గర శిక్షణ. కట్టు బాగుందని ఆవిడ చెప్పిన రోజున సంతకం."

"దానికేం బాబూ, సోమవారం మొదలెడదాం" అంది పిన్ని, హుషారుగా.

నాకు ఏడుపొచ్చింది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఆ మహాతల్లి ఒక్కరి కట్టునైనా బాగుందన్న పాపాన పోలేదు.