తడికాళ్ళకే తగిలే కరెంటు

జ్ఞానప్రసూనాంబకి కుళాయి అంటే భయం పట్టుకుంది. ముప్ఫై రెండేళ్ళు హైస్కూల్లో హిందీ చెప్పి, తొమ్మిదో తరగతి మొండిఘటాలను ఒక్క చూపుతో బెంచీల మీద కూర్చోబెట్టిన మనిషి. అలాంటి మనిషికి భవానీపురంలో తన సొంతింట్లో, తన వంటింటి సింకు మీదున్న కుళాయిని చూస్తే వణుకు. చెప్పుకుంటే నవ్వుతారేమోనని మొదట దాచుకుంది. తర్వాత చెప్పుకుంది. నవ్వనే నవ్వారు.

మొదటిసారి ఆషాఢం ఆఖర్లో జరిగింది. రోజూలాగే తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకుని, తడిచీరతోనే మడిగా వంటింట్లోకి వచ్చి, ఆరున్నర ప్రాంతంలో బియ్యం కడుగుదామని కుళాయి తిప్పింది. వేళ్ళ నుంచి మోచేతి దాకా జివ్వుమంది. గిన్నె చేజారి బియ్యం గట్టంతా చెల్లాచెదురయ్యాయి. కాసేపాగి ధైర్యం చేసి వేలితో తాకితే ఏమీ లేదు. వయసు మీద పడుతోంది కాబోలు అని తనకు తనే సర్దిచెప్పుకుని గింజలు ఏరుకుంది.

నాలుగో రోజున సర్దిచెప్పుకోవడానికి వీల్లేకపోయింది. ఆ నెలలోనే ఇంటికి పైపు గ్యాసు వచ్చింది. ఎడమ చెయ్యి ఆ గ్యాసు పైపు మీద, కుడి చెయ్యి కుళాయి మీద పడ్డాయి. అంతే, గుండెల మీద ఎవరో గుద్దినట్టయింది. అలాగే గోడకి జారగిలబడి నేల మీద కూలబడింది. నోట మాట రావడానికి ఐదు నిమిషాలు పట్టింది.

కొడుకు ఉదయభాస్కర్ మంచివాడే. తల్లి మాట వినగానే సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆయన సుగరు రిపోర్టు చూసి, అరికాళ్ళు గిల్లి చూసి, ఈ వయసులో తిమ్మిర్లు మామూలేనని మాత్రలు రాసిచ్చాడు.

"కరెంటు కాదమ్మా, సుగరు" అన్నాడు భాస్కర్ దారిలో. "ఇంటికి ఎర్తుంది కదా, లీకైనా భూమిలోకే పోతుంది. నాన్నగారు దగ్గరుండి వైర్‌మన్ శౌరయ్య చేత పెట్టించారు."

"నేను రోజంతా ఆ కుళాయి దగ్గరే కదా అత్తయ్యా చచ్చేది, నాకెప్పుడూ ఏం కాలేదే!" అంది కోడలు శ్రీలలిత.

అదీ నిజమే. మడమ నొప్పి వంకన శ్రీలలిత రబ్బరు చెప్పులతోనే వంటింట్లో తిరుగుతుంది. చెప్పులతో పొయ్యి దగ్గరికి రావడమేమిటని అత్తగారు నాలుగేళ్ళు పోట్లాడింది, ఓడిపోయింది. ఆ ఇంట్లో ఇప్పుడు ఉత్తకాళ్ళతో, అందులోనూ తడికాళ్ళతో వంటింట్లో నిలబడేది ఆవిడొక్కతే. ఆ సంగతి ఎవరికీ తట్టలేదు, ఆవిడక్కూడా.

పట్టు వదలకుండా ఒకరోజు ఆవిడే వెళ్ళి టెస్టరు కొనుక్కొచ్చింది. సాయంత్రం బ్యాంకు నుంచి వచ్చిన కొడుకు చేతిలో పెట్టింది. అతను కుళాయికి ఆనించాడు, గ్యాసు పైపుకి ఆనించాడు. లైటు వెలగలేదు. భాస్కర్ తల్లి భుజం మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి వేసిన తీరుకే ఆవిడకి కన్నీళ్ళొచ్చాయి.

ఆ రోజు నుంచి భయం రెండింతలైంది. కరెంటు నిజమైతే ఈ ఇంట్లో ఎవరో ఒకరు పోతారు. నిజం కాకపోతే పోతున్నది తన మతి. చల్లపల్లిలో వాళ్ళక్క చివరి రోజుల్లో ఫ్యాను తనను పేరు పెట్టి పిలుస్తోందనేది. ఇల్లంతా ఆవిణ్ణి బుజ్జగించేది. ఆ బుజ్జగింపు ఇప్పుడు తన కొడుకు గొంతులో వినిపిస్తోంది.

అంతలో శ్రావణమాసం వచ్చింది. రెండో శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. వ్రతం నాడు శ్రీలలిత తలంటుకుని, చెప్పులు విడిచేసి, తడి జుట్టుతో, తడి కాళ్ళతో అదే కుళాయి దగ్గర తొమ్మిది రకాలూ వండుతుంది. పదేళ్ళ మనవరాలు సింధూరి కూడా ఈసారి పూర్ణాలు నేనే చుడతానని గంతులేస్తోంది. గురువారం ప్రసూనాంబకి అన్నం సహించలేదు. చివరికి ఉండబట్టలేక, "రేపు నువ్వు చెప్పులు వేసుకునే వండవే లలితా" అంది.

శ్రీలలిత చేతిలో పప్పు డబ్బా అలాగే ఉండిపోయింది. నాలుగేళ్ళు చెప్పుల మీద రామాయణం చదివిన అత్తగారు, ఏకంగా వ్రతం రోజున చెప్పులు వేసుకోమంటోంది! భాస్కర్ వైపు చూసింది. "సోమవారం ఇంకో డాక్టరుకి చూపిద్దాం" అని అతను మెల్లగా అనడం ప్రసూనాంబ చెవిన పడింది.

శుక్రవారం పొద్దున ఆవిడ ముందే లేచి వంటిల్లు ఆక్రమించింది. కుళాయి పని ఎవరికీ ఇవ్వదలచుకోలేదు. కింద చెక్కపీట వేసుకుని దాని మీద నిలబడి, ఊపిరి బిగబట్టి కుళాయి తిప్పింది. ఏమీ కాలేదు. పప్పు కడిగింది, కూరలు కడిగింది. ఏమీ కాలేదు. తన పిచ్చికి తనకే సిగ్గేసి పీట దిగింది. కుళాయి మీద చెయ్యి వేసే ఉంది.

వసారాలో టిక్కుమని స్విచ్చి చప్పుడైంది. మరుక్షణం కుళాయి కరిచింది.

"సింధూ! గీజరు వేశాను. తలంటుకి బకెట్టు నీళ్ళు చాలవు, అలా ఆన్‌లోనే ఉంచి పట్టుకో. టైమైపోతోంది" అని శ్రీలలిత కేక.

ప్రసూనాంబకి అంతా ఒక్కసారిగా అర్థమైంది. గీజరు ఆపకుండా ఎవరూ స్నానానికి వెళ్ళకూడదన్నది భర్త వీరభద్రరావు పెట్టిన నియమం. ఆయన పోయినా నియమం పోలేదు. అందుకే ఇన్నాళ్ళూ స్నానాల గదిలో ఎవరికీ ఏమీ కాలేదు. నీళ్ళు కాగే ఆ అరగంటా తను మాత్రం ఇక్కడ ఉత్తకాళ్ళతో వంట చేస్తూ ఉంటుంది. సాయంత్రం టెస్టరు పెట్టినప్పుడు గీజరే వెయ్యలేదు. ఈవేళ వేసే ఉంది, పిల్ల లోపల ఉంది.

అరవై ఎనిమిదేళ్ళ మోకాళ్ళు ఎలా పరిగెత్తాయో ఆవిడకే తెలియదు. స్నానాల గది తలుపు లోపల గడియ పెట్టి ఉంది. "సింధూ! కుళాయి ముట్టుకోకే! ముట్టుకోకు!" అని అరిచింది. లోపల నీళ్ళు ధారగా పడుతున్నాయి, జవాబు లేదు. పక్కనే స్విచ్చి, ఎర్రలైటు వెలుగుతోంది. చేతులు చూస్తే తడి. వంటింట్లోంచి చేతిలోకి ఎలా వచ్చిందో అప్పడాల కర్ర ఉంది. దాని కొసతో స్విచ్చిని పైకి నెట్టింది. ఒకసారి జారింది. రెండోసారి నెడితే లైటు ఆరింది.

లోపల ఏదో పడ్డ చప్పుడైంది. తర్వాత నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

భాస్కర్ పరిగెత్తుకొచ్చి తలుపు బాదాడు. శ్రీలలిత ఏం జరుగుతోందో తెలియక అత్తగారి భుజాలు పట్టుకుని ఊపేస్తోంది. ప్రసూనాంబ తలుపు వైపే చూస్తోంది. దేవుడా, నాకు మతి పోయిందనే అనిపించు, పిల్లకేం కాలేదనిపించు అని మనసులోనే మొక్కుకుంది.

ఎంతసేపటికో గడియ కదిలింది. నెత్తిన కుంకుడు నురగతో, ఒంటికి తువ్వాలు చుట్టుకుని సింధూరి గుమ్మంలో నిలబడింది. పెదాలు తెల్లగా పాలిపోయాయి.

"కుళాయి నన్ను పట్టేసుకుంది మామ్మా" అంది. "లాక్కుంటే చెయ్యి రాలేదు. అరుద్దామంటే గొంతు రాలేదు."

భాస్కర్ మెల్లగా వచ్చి తల్లి చేతిలోంచి అప్పడాల కర్ర తీసుకున్నాడు. గట్టిగా బిగించిన వేళ్ళను ఒక్కొక్కటిగా విడదియ్యాల్సి వచ్చింది.

కొడుకూ కోడలూ పిల్లని ఆస్పత్రిలో చూపించుకుని వచ్చేసరికి, కబురందుకున్న శౌరయ్య గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. డెబ్బై దాటిన వైర్‌మన్, పని మానేసి చాలా ఏళ్ళయింది. మెయిను కట్టేయించి, ఎర్తుకి వేసిన పచ్చతీగ వెంట చేత్తో తడుముకుంటూ పెరట్లోకి వెళ్ళాడు. ఒకచోట ఆగిపోయాడు. తీగ చివర ఇనప నీళ్ళ గొట్టానికి చుట్టి ఉంది. ఆ గొట్టం జానెడు కిందికి వచ్చి తెగిపోయింది. అక్కణ్ణుంచి భూమిలోకి తెల్లటి ప్లాస్టిక్కు పైపు దిగి ఉంది.

"ఇదెవరు మార్చారండీ?"

"నేనే" అన్నాడు భాస్కర్. "తుప్పు పట్టిందని. ఆషాఢంలో."

శౌరయ్య అరుగు మీద కూలబడ్డాడు. "అప్పట్లో ఎర్తు గొయ్యి ఎవరు తవ్వించేవారండీ? నీళ్ళ పైపు ఎటూ భూమిలోకే పోతుంది గదాని దానికే చుట్టేసేవాళ్ళం. ఇనప పైపున్నంత కాలం బాగానే ఉంది. ఇప్పుడు ప్లాస్టిక్కు పడేసరికి కరెంటుకి భూమిలోకి దారి లేదు. గీజరు లీకైందంతా కుళాయిల్లోకి ఎక్కేసింది. తడికాళ్ళు దొరికితే ఆ ఒంట్లోంచి దిగుద్ది."

"మరి ఆ రోజు గ్యాసు పైపు పట్టుకుంటే గుండెల్లో గుద్దిందే?" అంది ప్రసూనాంబ.

"ఒక చేతిలో కరెంటున్న పైపు, రెండో చేతిలో లేని పైపు. మధ్యలో మీరమ్మగారూ. గొయ్యి తీసి ఎర్తు దింపి, నీళ్ళ పైపునీ గ్యాసు పైపునీ తీగతో కలిపి దానికి కట్టాలి. అన్నీ ఒక్కటైపోతే మనిషిలోంచి పోయే పనుండదు." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "నాకు బుద్ధి లేదండీ. బంగారం లాంటి పిల్ల."

ప్రసూనాంబకి అతన్ని తిట్టాలనిపించలేదు. వేరే భయం పట్టుకుంది.

"శౌరయ్యా, ఈ లైనులో నువ్వు వైరింగు చేసిన ఇళ్ళెన్ని?"

అతను తల ఎత్తలేదు. "పద్దెనిమిదండీ. అన్నిటికీ పైపుకే చుట్టాను."

ఆవిడ ప్రహరీ అవతలికి చూసింది. పక్కింటి గోడ మీద తెల్లటి కొత్త పైపు ఎండకి మెరుస్తోంది. ఎదురింటికీ అదే, మూలింటికీ అదే. వ్రతం శుక్రవారం, వీధి వీధంతా తలంట్లు. భాస్కర్ కూడా అటే చూశాడు. ఎదురింటి వైపు పరుగు తీశాడు.

ప్రసూనాంబ మడిచీరతోనే పక్కింటి గేటు తోసుకుని లోపలికి వెళ్ళింది. నిండు చూలాలు శాలిని ఆ ఇంట్లో పగలంతా ఒక్కతే ఉంటుంది. వీధి తలుపు వేసి ఉంది.

"శాలినీ! గీజరు ఆపెయ్యమ్మా! శాలినీ!" అని రెండు చేతులతో తలుపు బాదింది.

లోపల ఎక్కడో నీళ్ళు పడుతున్న చప్పుడు ఆగకుండా వినిపిస్తూనే ఉంది.