సంబంధం లేదండీ

తాను దూర సందు లేదు, మెడకో డోలన్నట్టు, ఆ ఇరుకు ఆఫీసులో నీటిపన్ను కిటికీ పక్కనే సర్కారువారు పెళ్ళి సంబంధాల కిటికీ తెరిచారు. నీటిపన్ను గుమాస్తాకు ఒళ్ళు మండింది. "కుళాయిలో నీళ్ళు తేలేనివాళ్ళు పెళ్ళికొడుకుల్ని తెస్తారట!" అని ఆఫీసంతా నవ్వించింది. పెళ్ళి మాటెత్తితేనే ఆమెకు ముక్కుమీద కోపం. తనను చూసి వెళ్ళినవాళ్ళంతా "కబురు చేస్తాం" అన్నవాళ్ళే మరి. ఒక్క కబురైనా వస్తేగా!

ఆ ఉదయం కుట్టుమిషన్ల మెకానిక్ ఒకతను ఆమె కిటికీ ముందు నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కా, గోళ్ళలో వదలని నూనె మరక. "నా సంగతి... ఏమైనా..." అని నసిగాడు. చేతిలో పన్ను బిల్లు లేదు. ఆమె తలెత్తకుండా, కిటికీ తప్పి వచ్చినవాళ్ళతో రోజూ అనే మాటే అంది.

"ఇక్కడ మీకు సంబంధం లేదండీ. తర్వాతెవరు?"

అతను దణ్ణం పెట్టి మరీ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం అతని అక్క వచ్చి విరుచుకుపడింది. "కాళ్ళావేళ్ళా పడితే ఇవాళ కదిలాడు మా తమ్ముడు. మొహమైనా చూడకుండా సంబంధం లేదంటావా తల్లీ? అప్పట్నుంచీ అన్నం ముట్టలేదు!"

గుమాస్తా నాలుక కరుచుకుంది. అయ్యో, తను అన్నది కిటికీ సంగతి, అతను విన్నది బతుకు సంగతి. కబురు కోసం గుమ్మంలో నిలబడ్డ రోజులన్నీ గుర్తొచ్చి ఆమెకు కళ్ళు చెమర్చాయి. కిటికీ మూసి అక్కతోపాటు అతని కొట్టుకు పరుగెత్తింది.

అతను విప్పిన మిషను ముందు ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి గబగబా స్టూలు తుడిచి వేశాడు.

"పొరపాటు నాదండీ. మీరు రావలసింది పక్క కిటికీకి. రండి, అడుగుదాం."

"ఎందుకులెండి. చుట్టాలు లేదంటే సరే అనుకున్నా. సర్కారే లేదన్నాక ఇంకెవరు ఉందంటారు?"

తను వెక్కిరించిన కిటికీని ఈయన ఇంతగా నమ్మాడా! ఆమెకు తన నెత్తిన తానే మొట్టుకోవాలనిపించింది.

"లేదన్నది సర్కారు కాదు, నేను. నా మాట నేనే దిద్దుకుంటాను, లేవండి."

పెళ్ళి కిటికీలోని పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఏమ్మా, నువ్వూ వచ్చావే! ఈయనకూ నీకూ ఏమైనా సంబంధం ఉందా?"

వరుసంతా చెవులు రిక్కించింది. పొద్దస్తమానం తలెత్తకుండా లేదు లేదనే ఆమె ఈసారి పక్కకు తిరిగి చూసింది. మెకానిక్ తలవంచుకుని గోళ్ళలో నూనె గీకుతున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇంకా లేదండీ" అంది.