ఎక్స్ఛేంజ్ హాలు కుళ్ళిందన్న రోజు

మంత్రి క్లెమెంట్ ఫెరేరా పార్లమెంటు మెట్లెక్కేటప్పుడు మధ్యలో రెండుసార్లు ఆగుతాడు. ఒకసారి ఊపిరి కోసం, ఇంకోసారి ఎవరైనా ఫోటో తీస్తున్నారేమో చూసుకోవడానికి. అలాంటి మనిషి ఆ గురువారం మధ్యాహ్నం నిండు సభలో ఒక చెక్క దుంగని ఒంటిచేత్తో ఎత్తిపట్టుకుని, "ఇదీ మీరు కాపాడమంటున్న చరిత్ర!" అన్నాడు. నేను పైన గ్యాలరీలో ఉన్నాను.

నా పేరు వష్టి పెర్మాల్. మా దేశ రాజధాని జార్జ్‌టౌన్‌లో కలప గ్రేడరుని. అడవి నుంచి వచ్చే దూలాల్ని చూసి, సుత్తితో కొట్టి, ఇది మొదటి రకం, ఇది రెండో రకం, ఇది పొయ్యిలోకి అని ముద్ర వేయడం నా పని. ఇరవై ఆరేళ్ళు అదే చేశాను. మనుషుల్ని కూడా అదే చూపు చూస్తానని మా చెల్లెలు తిడుతుంది. చూస్తాను మరి.

ఎక్స్ఛేంజ్ హాలు వాటర్ స్ట్రీట్ చివర, నదికి వీపు పెట్టి ఉండేది. దొరల కాలంలో అందులో చక్కెర వేలం వేసేవాళ్ళు. తర్వాత ఆ నేలమీదే చెరకు కూలీలు పదకొండు రోజులు బైఠాయించి, కూలి పెంచుకునిగానీ లేవలేదు. అందుకే దాన్ని జాతీయ కట్టడాల జాబితాలో పెట్టారు. జాబితాలో ఉన్నదాన్ని కూల్చకూడదు, అమ్మకూడదు. ఈమధ్య దేశానికి చమురు డబ్బు వచ్చింది. డబ్బుతోపాటు పద్నాలుగు అంతస్తుల హోటలు కడతామనే వాళ్ళూ వచ్చారు. వాళ్ళకి సరిగ్గా ఆ స్థలమే కావాలట. జాబితాలోంచి హాలు పేరు కొట్టేయాలంటే సభలో బిల్లు నెగ్గాలి.

బిల్లుకి ముందు, మార్చిలో, పరీక్ష చెయ్యమని నన్నే పంపారు. నూట పన్నెండు స్తంభాలు, అన్నీ గ్రీన్‌హార్ట్. ఆ చెక్క నీళ్ళలో వేస్తే రాయిలా మునుగుతుంది, చెదలు దాని జోలికి పోవు. నాలుగు రోజులపాటు ఒక్కోదాన్నీ కొట్టి చూశాను. కొట్టిన ప్రతిదీ ఖంగుమంది. వాన గొట్టం పగిలిన మూల మాత్రం పై తొడుగు పలకలు నాలుగు నానిపోయి ఉన్నాయి. నాలుగు పలకలు మారిస్తే ఇంకో నూరేళ్ళకి ఢోకా లేదని పదకొండు పేజీల రిపోర్టు రాసిచ్చాను.

బిల్లు చర్చకి వచ్చిన రోజు మా పై అధికారి వాన్ స్లూట్‌మన్ నన్ను వెంటబెట్టుకుని గ్యాలరీకి తీసుకెళ్ళాడు. ఆయన చాలా మంచివాడంటారు. ఎవరికీ ఎదురు చెప్పని వాళ్ళందరికీ ఆ పేరే వస్తుంది.

"మంత్రిగారికి ఏదైనా అనుమానం వస్తే చీటీ రాసి కిందికి పంపుతాం, అంతే. నువ్వు మాత్రం నోరు విప్పకు వష్టీ," అన్నాడు.

"గ్యాలరీలో ఎవరు మాట్లాడతారు సార్?"

"నీ సంగతి తెలిసే చెప్తున్నా."

చర్చ మొదలైంది. చర్చ అన్నది వాళ్ళు పెట్టుకున్న పేరు. ప్రభుత్వ పక్షం నుంచి ఒకాయన లేచి, వాళ్ళ తాత ఆ హాలు ముందు సైకిలు తొక్కిన వైనం ఇరవై నిమిషాలు చెప్పి, కాబట్టి హోటలు కట్టాలన్నాడు. ప్రతిపక్షం నుంచి ఇంకొకాయన హాలు మీది గడియారం గురించి గొంతు పూడుకుపోయేలా మాట్లాడాడు. ఎక్స్ఛేంజ్ హాలుకి గడియారమే లేదు. ఆయన చెప్పేది అదే వీధిలోని మార్కెట్ మీదున్న గడియారం గురించి. రెండు వైపులా ఒక్కరు కూడా దిద్దలేదు, ఎందుకంటే ఒక్కరికీ తెలీదు. వెనక వరుసలో ఇద్దరు నిద్రపోతున్నారు. సభలో ఆ ఇద్దరే ఎవరికీ హాని చేయడం లేదు.

తర్వాత ఫెరేరా లేచి నా రిపోర్టు తీశాడు.

"స్పీకర్ గారూ, ఇది మన సొంత నిపుణురాలి మాట. 'నాలుగు చోట్ల తీవ్రంగా కుళ్ళిపోయింది.' తీవ్రంగా!"

తీవ్రంగా అన్న మాట నేను రాయలేదు. కుళ్ళింది అని కూడా రాయలేదు. పక్కకి చూస్తే వాన్ స్లూట్‌మన్ తన బూట్లు చూసుకుంటున్నాడు.

అప్పుడు మంత్రి బల్ల కిందినుంచి ఆ దుంగ తీశాడు. మూడడుగుల పొడుగు, ఎనిమిదంగుళాల మందం, చివర్లు పిప్పి పిప్పి. హాలు స్తంభంలోంచి కోసి తెచ్చిన ముక్క అన్నాడు. అంత గ్రీన్‌హార్ట్ ముక్క దగ్గర దగ్గర నలభై కిలోలు తూగుతుంది. మెట్ల మీద ఆయాసపడే మనిషి దాన్ని గొడుగులా పైకెత్తాడు. పైగా దాన్నిండా నల్లటి కణుపులు. ఓడల్లో సరుకు కదలకుండా అడ్డం పెట్టే పైన్ దుంగ అది. రేవులో కుప్పలుగా పడుంటాయి, జనం వంటచెరుకుకి ఏరుకుపోతారు.

నేను లేచి నిలబడ్డాను. లేవాలని అనుకున్నట్టు కూడా గుర్తు లేదు.

"అది ఆ హాలు చెక్క కాదు!"

సభంతా తలెత్తింది. నిద్రపోతున్న ఇద్దరూ కూడా.

"రేవులో పారేసిన పైన్ దుంగ అది. గ్రీన్‌హార్ట్ అయితే మీరు ఎత్తడం కాదు సార్, బల్ల కిందినుంచి లాగను కూడా లేరు!"

రెండు వైపులా నవ్వారు. స్పీకరు సుత్తితో కొట్టాడు. "గ్యాలరీలో నిశ్శబ్దం! ఆవిణ్ణి బయటికి పంపండి."

"చూశారా," అన్నాడు ఫెరేరా, "కుళ్ళింది హాలొక్కటే కాదు, మన ఉద్యోగుల క్రమశిక్షణ కూడా." ఆయన వైపువాళ్ళు బల్లలు చరిచారు. ఆ ఒక్క వాక్యానికి ఆయన బుర్ర ఎంత శ్రమపడిందో పాపం.

నన్ను బయటి వరండాలోకి తెచ్చి వదిలేశారు. వాన్ స్లూట్‌మన్ వెనకే వచ్చి, "నన్ను ముంచేశావు కదే," అని మాత్రం అని, చెమట తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. టీ విరామం ఇచ్చారు. ప్రతిపక్ష నాయకుల్లో ఒకడైన హంసరాజ్ దిండియల్ చేతిలో అనాసపండు టార్టుతో నా దగ్గరికి వచ్చాడు. నాకంటే మూడేళ్ళు పెద్దవాడు.

"దుమ్ము దులిపావు ఆంటీ! ఆయన మొహం చూశావా?"

ఓట్లడిగే నోటికి ప్రతి ఆడదీ ఆంటీయే.

"మొహం సంగతి వదిలేయండి సార్. హాలు ఇక్కడికి పది నిమిషాల నడక. విరామం అరగంట ఉంది. నాతో రండి, ఒక్క స్తంభం మీద చెయ్యేసి చూడండి. నా కళ్ళతో చూశానని సభలో చెప్పొచ్చు."

ఆయన బయటి ఎండ చూశాడు, టార్టు చూశాడు. "ఇప్పుడెందుకులే ఆంటీ, నీ మాట మీద నమ్మకముంది. చివరిదాకా పోరాడతాం, చూస్తూ ఉండు."

నేను చూస్తూనే ఉన్నాను. వరండాలో టీవీ ఉంది. తలుపు దగ్గర కాపలా ఉండే పెద్దాయన నాకో స్టూలు వేసి, మెల్లగా చెవిలో చెప్పాడు.

"మిస్, ప్రభుత్వానికి ఎక్కువున్నది ఒక్క సీటే. వాళ్ళల్లో ఇవాళ ఇద్దరు రాలేదు. ఒకాయన ఆసుపత్రిలో ఉన్నాడు, ఒకావిడ ఈ బిల్లుకి చెయ్యెత్తనని ఇంట్లో కూర్చుంది. ప్రతిపక్షం వాళ్ళు కుర్చీల్లోంచి లేవకుండా ఉంటే చాలు, బిల్లు పోతుంది."

గెలవడం ఇంత తేలికా అనుకున్నాను. కూర్చోవాలి, అంతే. కూర్చోవడం వాళ్ళకి బాగా వచ్చిన విద్య.

ఓటింగుకి ముందు దిండియల్ లేచాడు. ఎనిమిది నిమిషాలు నా గురించే మాట్లాడాడు. నిజం చెప్పినందుకు గెంటేస్తే కన్నీళ్ళతో వెళ్ళిపోయిన పేద కార్మిక స్త్రీ అన్నాడు. నేను ఏడవలేదు. వెళ్ళిపోనూ లేదు, తలుపవతలే ఉన్నాను. చివర్లో చెయ్యి పైకెత్తి, "ఈ సిగ్గుమాలిన ఓటింగులో మేం పాలుపంచుకోం! నిరసనగా వాకౌట్ చేస్తున్నాం!" అని గర్జించాడు.

తలుపు తెరుచుకుంది. అందరూ వరసగా బయటికి నడిచారు, పెళ్ళి భోజనం ముగించుకుని వస్తున్నంత తృప్తిగా. నేను అడ్డం వెళ్ళి దిండియల్ కోటు చెయ్యి పట్టుకున్నాను.

"లోపలికి పదండి సార్! వాళ్ళల్లో ఇద్దరు తక్కువున్నారు. మీరు కూర్చుంటే చాలు, గెలిచినట్టే!"

"ఆంటీ, ఇది సిద్ధాంతానికి సంబంధించిన విషయం."

"మనుషుల్ని లెక్కపెట్టుకున్నారా?"

"నిరసన బలం లెక్కలకి అందదు," అంటూ నా చెయ్యి విడిపించుకుని, మెట్ల కింద కాచుకున్న కెమెరాల వైపు వెళ్ళాడు. వెళ్తూ వెళ్తూ టై సర్దుకున్నాడు.

లోపల ఓటింగు రెండు నిమిషాల్లో అయిపోయింది. వ్యతిరేకంగా ఒక్క చెయ్యి కూడా లేవలేదు. ఫెరేరా అబద్ధం నాకు కొత్త కాదు, అలాంటి దుంగలు ఎన్నో చూశాను. దిండియల్‌ది తెలివితక్కువతనమా, తెలిసి చేసిన పనా అన్నది మాత్రం ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఏదైనా నేను వేసే ముద్ర ఒకటే.

తర్వాతి వారం నాకు బదిలీ ఉత్తరం వచ్చింది. ఎక్కడో ఎగువన, బెర్బీస్ నది మీది క్వాక్వానికి. నెలాఖరుకల్లా చేరాలి. ఈలోపే హాలు చుట్టూ రేకులు కట్టి కూల్చడం మొదలుపెట్టారు. మూడో రోజు మధ్యాహ్నం వాన్ స్లూట్‌మన్ ఫోను చేశాడు. గొంతు బాగా తగ్గించాడు.

"వష్టీ, కాంట్రాక్టరు గొడవ పెడుతున్నాడు. దూలాలు తెగడం లేదట. మూడు రంపాలు పాడయ్యాయి. ఎలా కొయ్యాలో ఒకసారి చెప్పకూడదూ?"

"కుళ్ళిన చెక్కకి రంపమెందుకు సార్? గోళ్ళతో గీరమనండి."

"అది కాదే. దూలం ఒకటి కోస్తుంటే చీలి ఎగిరిందట. ఒకతని తొడకి రెండంగుళాల దూరంలోంచి పోయింది."

అప్పుడు వెళ్ళాను. మంత్రి కోసం కాదు, కాంట్రాక్టరు కోసం కాదు. గ్రీన్‌హార్ట్ చీలితే కాళ్ళు పోతాయి, ఆ కాళ్ళు సభలో కూర్చునేవాళ్ళవి కావు.

పనివాళ్ళ మేస్త్రి యూస్టస్, లిండెన్ ఊరి మనిషి, యాభై ఏళ్ళుంటాయి. నన్ను చూడగానే టోపీ తీశాడు. "మిస్, ఇది కుళ్ళిందని ఎవడన్నాడు? పళ్ళున్న రంపం ఒక్కటి మిగల్లేదు."

మంత్రి పేరు చెప్పాను. అతను ఉమ్మేశాడు.

కోసే చోటికి రెండు వైపులా గొలుసులు బిగించడం చూపించాను. దూలానికి ఎదురుగా నిలబడొద్దన్నాను. పేడు గుచ్చుకుంటే అప్పటికప్పుడు పీకెయ్యాలి, లేకపోతే చీము పడుతుందని చెప్పాను. మొదటి దూలం తెగుతుంటే లోపల తడి ఆకుపచ్చ రంగు బయటపడింది, నిన్న నరికిన చెట్టులాగా. నూట ముప్పై ఏళ్ళ చెక్క. దాన్ని కోయిస్తున్నది నేను. ఆ నిమిషాన నా మీద నాకు కలిగిన ఏవగింపు వాళ్ళమీద ఉన్నదానికేం తీసిపోదు. గొలుసు ఖణేల్మంది, దూలం చీలింది, ఎవరికీ దెబ్బ తగల్లేదు.

నాలుగింటికి మంత్రి కారొచ్చింది. ఫోటోల వాళ్ళని వెంటబెట్టుకుని ఫెరేరా దిగాడు. నన్ను గుర్తుపట్టలేదు. తెగిన దూలం మీద చెయ్యేసి నిమిరాడు.

"అబ్బ, ఎంత మంచి చెక్క! మా ఇంటి వరండాకి నాలుగు పక్కన పెట్టించు మేస్త్రీ."

యూస్టస్ నావైపు చూశాడు.

"వద్దు సార్," అన్నాను. "కుళ్ళిన చెక్క. మీరే సభలో ఎత్తి చూపించారు కదా. ఇంటిమీద పడితే దేశానికి ఎంత నష్టం!"

పనివాళ్ళు పగలబడి నవ్వారు. ఫెరేరా కూడా నవ్వాడు, అదేదో పొగడ్త అనుకుని. ఫోటోలు తీయించుకుని వెళ్ళిపోయాడు.

ఎండ తగ్గేదాకా ఉండి ఇంకొన్ని కోయించాను. యూస్టస్ తన గిన్నెలోంచి సగం కుకప్ అన్నం, కొబ్బరిపాలల్లో బఠాణీలేసి వండింది, నాకు పెట్టాడు. హాలు నేల ఇంకా పీకలేదు. ఆ పలకల మీదే అందరం వరసగా కూర్చుని తిన్నాం. సోమవారం పొద్దున్నే నేను క్వాక్వాని బస్సెక్కాను.