బుడంకాయ, నా చెప్పులు

మా కోడలు కళ్లద్దాల దుకాణంలో పనిచేస్తుంది. సాయంత్రం ఇంటికి రాగానే వంటింటి బల్ల మీద ఒక చక్రాల బొమ్మను పెట్టుకుని కూర్చుంటుంది. రోబో అట. మూకుడుకు చక్రాలు తగిలించినట్టుంటుంది. దానికి బుడంకాయ అని పేరు పెట్టింది నేనే. కంప్యూటర్లో రాసి పంపినట్టల్లా నడుస్తుంది, తిరుగుతుంది. అంతవరకు బుద్ధిగానే ఉంటుంది. గోడ అడ్డం వచ్చిందా, ఇక అంతే సంగతులు! గోడ ఉందని తెలియక దాన్నే తోస్తూ, చక్రాలు అరిగేలా తిరుగుతూ అక్కడే ఉండేది.

"మొద్దు ముండాకొడుకు," అని తిట్టేవాణ్ణి గానీ లోపల చివుక్కుమనేది. నా సంగతీ అదే కదా మరి. బస్సు నడిపి బతికినవాణ్ణి. షుగరు జబ్బు నా పాదాల్లో స్పర్శను తినేసింది. ఒకరోజు డిపో గేటు దగ్గర బ్రేకు తొక్కితే కాలు పెడల్ మీద ఉందో లేదో తెలియలేదు. వంగి చూసుకోవాల్సి వచ్చింది. ఆ రోజే తాళాలు అప్పజెప్పి వచ్చేశాను. ఆ తర్వాత చెప్పులోంచి మేకు దిగితే, పొద్దంతా దాని మీదే తిరిగాను. రక్తం చూసి మావాడు బెంబేలెత్తిపోయాడు.

"ఇక ఒంటరిగా మెట్లు దిగొద్దు నాన్నా," అన్నాడు.

మేముండేది పై అంతస్తు. వీధి చివరే డిపో. అక్కడ నా తోటివాళ్లు టీ తాగుతూ లోకాన్ని తిడుతూ ఉంటారు. నేనేమో పసిపిల్లాడిలా కిటికీ పట్టుకుని హారన్లు వింటూ కూర్చోవాలి. ఒళ్లు మండిపోయేది.

ఒక ఆదివారం పొద్దున కోడలు గిన్నెలు తోమే స్పాంజికి చిల్లులు పెడుతోంది.

"ఇదేం వంటమ్మా?" అన్నాను.

"బుడంకాయకి స్పర్శ పెడుతున్నా మామయ్యా."

రాగి రేకు ముక్క, దాని మీద చిల్లుల స్పాంజి, ఆ పైన మరో రేకు. నొక్కితే చిల్లుల్లోంచి రేకులు రెండూ కలుసుకుంటాయి, కరెంటు పారుతుంది, "తగిలింది" అని బుడంకాయకు కబురు అందుతుంది. వదిలితే స్పాంజి ఉబ్బి రేకుల్ని విడదీస్తుంది. ఇంతే! ఇంత చిన్న ఉపాయం ఈ పిల్లకు ఎలా తట్టిందా అని నోరెళ్లబెట్టాను.

అలాంటి రేకుల పొరలు బొమ్మకు ముందువైపు కుడికొకటి, ఎడమకొకటి అతికించింది. కుడివైపు తగిలితే వెనక్కి జరిగి ఎడమకు తిరగాలి. గోడ కుడివైపు తగిలింది. బుడంకాయ వెనక్కి జరిగింది. భేష్ అనేలోపే కుడికే తిరిగి మళ్లీ గోడను గుద్దింది.

"వైర్లు తారుమారు చేశా," అని కోడలు నాలుక కరుచుకుంది.

నేను పగలబడి నవ్వాను. "కుడేదో ఎడమేదో తెలియని దద్దమ్మ!"

కోడలు నవ్వలేదు. నా కాళ్లకేసి చూస్తోంది. నేనూ చూసుకున్నాను. ఎడమ చెప్పు కుడికాలికి, కుడి చెప్పు ఎడమకాలికి ఉన్నాయి. పొద్దుటినుంచీ అలాగే తిరుగుతున్నాను. గురివింద గింజ తన కింది నలుపెరగదని ఊరికే అనలేదు. సిగ్గుతో చచ్చిపోయాను.

"ఆ చెప్పులు ఇలా ఇవ్వండి మామయ్యా," అంది.

ఆ వారమంతా నా చెప్పులే ఆమె లోకం. ఒక్కో చెప్పులో మడమ దగ్గరొకటి, వేళ్ల దగ్గరొకటి అవే రేకుల పొరలు పెట్టింది. నా బరువుకు స్పాంజి అణిగిపోయి మళ్లీ లేవలేదు. విసుక్కోకుండా తీసేసి, పాత రబ్బరు చాప కోసి వేసింది. పాదం మొత్తం ఆనితేనే మోకాలికి కట్టిన బుల్లి మోటారు ఒకసారి గుర్రుమంటుంది. మోకాలికి స్పర్శ బాగానే ఉంది. కుడి చెప్పుకు గుర్తుగా ఎర్ర దారం కుట్టింది.

"వైర్లు సరిగ్గా పెట్టావా?" అన్నాను.

"మీరు చెప్పులు సరిగ్గా తొడుక్కుంటే చాలు!"

మావాడు మాత్రం ముఖం మాడ్చుకున్నాడు. "ఒక్కసారే దిగు. తేడా వస్తే మళ్లీ మెట్ల ఊసెత్తకూడదు," అన్నాడు.

"కమ్మీ పట్టుకోండి. గుర్రుమంటేనే బరువు వేయండి," అంది కోడలు.

దిగాను. గుర్ర్. గుర్ర్. మలుపు దగ్గర కుడికాలు దించితే మోకాలు ఉలకలేదు, పలకలేదు. ఆగాను. వంగి చూస్తే పాదం సగం మెట్టు అంచు దాటి గాలిలో ఉంది. కాలు వెనక్కి జరిపాను. గుర్ర్. అప్పుడు బరువు వేశాను. పైనుంచి మావాడు దిగబోతుంటే కోడలు వాడి చొక్కా పట్టుకుని ఆపింది. పట్టిన పిడికిలి వదల్లేదు.

వీధిలోకి వచ్చి నిలబడ్డాను. డిపో బస్సు ఒకటి వచ్చి మూల మీద ఆగుతోంది. పాత అలవాటు ఎక్కడికి పోతుంది? నా కుడికాలు దానంతటదే లేచి నేలను తొక్కింది. మోకాలు గుర్రుమంది. కళ్లల్లో నీళ్లు గిర్రున తిరిగాయి. తలెత్తి, వీధి వీధంతా వినపడేలా అరిచాను.

"అమ్మాయ్! బ్రేకు తెలుస్తోందమ్మా!"