నలభై సెకన్ల హెచ్చరిక

మా బ్యాంకుది మహా దయగల గుండె. ఖాతాదారులు అప్పు చేసి మరీ షేర్లు కొని కొంప ముంచుకోకూడదని ఒక అడ్డుకట్ట వేసింది. ఆ అడ్డుకట్టను నేనే. కొనేముందు వాళ్లకు ఫోన్ చేసి రెండు పేజీల హెచ్చరిక చదవాలి. చివర్లో "అర్థమైందా?" అని అడగాలి. వాళ్లంతట వాళ్లు "అర్థం కాలేదు" అంటేనే కొనుగోలు రద్దు. ఎనిమిదేళ్లలో ఒక్కడంటే ఒక్కడు అనలేదు. ఎలా అంటాడు? నాలుగు నిమిషాల హెచ్చరికను నేను నలభై సెకన్లలో ఊదేస్తాను. మేనేజరు నన్ను ముద్దుగా ఎక్స్‌ప్రెస్ అంటాడు.

ఆ మధ్యాహ్నం అవతల "హలో, ఎవరండీ?" అనగానే గొంతు గుర్తుపట్టాను. మా అక్క! ఇరవై ఏళ్లు మిషను తొక్కి, సొంత బట్టల షాపు కోసం దాచుకున్న డబ్బంతా, దానిమీద మేమిచ్చే రెండింతల అప్పుతో సహా, ఊరూ పేరూ లేని కంపెనీలో పోస్తోంది. నా ఆఫీసు గొంతు ఆవిడ పోల్చుకోలేదు.

కాల్ రికార్డవుతోంది. కాగితంలో లేని మాటంటే ఉద్యోగం ఊడుతుంది. కట్ చేస్తే పక్క సీటువాడు అందుకుంటాడు. మా సెల్‌ఫోన్లేమో గుమ్మం దగ్గర పెట్టెలో, తాళంలో ఉన్నాయి. ఇక అక్క చేత ఆ మాట అనిపించాలి. ఖర్మ! నాలుగో తరగతి లెక్కల దగ్గర్నుంచీ ఆ మహాతల్లి తనకు అర్థం కాలేదని ఒప్పుకున్న పాపాన పోలేదు.

"పెట్టిన సొమ్మంతా పోవచ్చు. పైన ఇంకా మీరే కట్టాల్సి రావచ్చు." ఒత్తి ఒత్తి చదివాను.

"అర్థమైందండీ."

లైను బాగాలేకపోతే మళ్లీ చదవొచ్చు. ఈసారి పన్నెండు సెకన్లలో లాగించాను. నాకే ఒక్క ముక్క తెలియలేదు.

"అర్థమైందా?"

"ఓ, బ్రహ్మాండంగా!"

నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. కాగితం అడుగున ఎప్పుడూ అడగని ప్రశ్న ఒకటుంది. అడిగాను.

"ఏం అర్థమైందో చెప్పగలరా?"

"భయపడాల్సిందేమీ లేదని! మా తమ్ముడిది మీ బ్యాంకులోనే పెద్ద ఉద్యోగం. నిజంగా ప్రమాదమే అయితే వాడు నాకు చెప్పడుటండీ?"

కాగితంలో ఇంకొక్క మాటే మిగిలింది. "ధన్యవాదాలు" అన్నాను.