బొట్టు పెట్టి పిలిచిన పగ

ఆ ఇత్తడి పళ్ళేన్ని చూసినప్పుడల్లా పద్మకుమారికి ఒళ్ళు మండేది. మజ్జిగ తాగితే చల్లారే మంట కాదది.

విజయనగరం పొలిమేరలో ఉన్న యూనివర్సిటీలో ఆమె వృక్షశాస్త్రం చెబుతుంది. ఆడపిల్లల హాస్టల్ వెనక రాళ్ళూ రప్పలూ ఏరించి, మెస్సులో మిగిలిన తుక్కుని ఎరువు చేసి, పిల్లలతో కలిసి ఒక తోట వేసింది. ఇంటి మీద బెంగతో అన్నం మానేసిన పిల్లలు సాయంత్రం ఆ మట్టిలో కూర్చుని మనసులో ఉన్నదంతా చెప్పేసుకునేవారు. అక్కడ వంకాయలు కాసేవి, కబుర్లు పూసేవి.

దాని మీద డీన్ మురళీమోహన్ కన్ను పడింది. పై నుంచి 'సామాజిక బంధం, సంక్షేమం, సుస్థిరత' అని ఒక పథకం వస్తే ఆయన దానికి కన్వీనరయ్యాడు. కనడు, వినడు, నేరడు కనుక కన్వీనర్ అని స్టాఫ్ రూములో గుసగుస. కమ్యూనిటీ అంటే ఆయన లెక్కలో కమ్మని టీ. సుస్థిరత అంటే సొంత కుర్చీ స్థిరత. వేసవి సెలవులకి పిల్లలు ఊళ్ళకెళ్ళగానే జేసీబీ తెప్పించి సగం తోట చదును చేయించి, టైల్స్ పరిపించి, 'వెల్‌నెస్ ప్లాజా' అన్నాడు. మిగతా సగం వంతు, పథకం ఎలా నడుస్తోందో చూసే కమిటీ వచ్చి మెచ్చుకున్నాక వస్తుంది.

ప్రారంభోత్సవం నాడు ఆమెని పిలిచి, "పద్మకుమారి గారూ, ఆ పళ్ళెం కాస్త పట్టుకోండి" అన్నాడు. పళ్ళెంలో కత్తెర. ఆయన రిబ్బను కత్తిరిస్తుంటే ఆమెకి ఆనపపాదు మొదలు తెగినట్టే అనిపించింది. ఉపన్యాసంలో ఆమె పేరు రాలేదు. మర్నాడు ఫోటోలో పళ్ళెం వచ్చింది, దాన్ని పట్టుకున్న వేళ్ళు వచ్చాయి, మొహం రాలేదు.

"మొక్కల వేళ్ళు పీకించి నా వేళ్ళు మిగిల్చాడు మహానుభావుడు" అనుకుంది. పళ్ళేన్ని మాత్రం తిరిగివ్వలేదు.

కార్తీకమాసం వచ్చింది. ఆదివారం కమిటీ వస్తుందన్నారు. ప్లాజాలో 'ఆత్మీయ సామూహిక భోజనం' అని డీన్ గారు వాట్సాప్‌లో ప్రకటించాడు. 'హాజరు తప్పనిసరి' అని పెట్టేవాడే, కానీ జనం తమంతట తాము రావాలని పథకంలోనే ఉంది. పళ్ళు నూరుకుని 'అందరూ రావచ్చు' అని పెట్టాడు.

మెస్సులో వంట చేసే తాతమ్మకి ఆ మెసేజ్ చదివి వినిపించింది పద్మకుమారి.

"రావచ్చేటమ్మా, రావచ్చు? పిలిసినట్టా, తోలినట్టా?"

"పిలిచినట్టేనేమో తాతమ్మా."

"బొట్టెట్టకుండా పిలుపేటి? అలాగైతే తోడబుట్టిన మా అప్ప ఇంటికే ఎల్నుగదా నాను."

పద్మకుమారి గబగబా ఇంటికొచ్చింది. బీరువాలోంచి ఆ పళ్ళెం తీసి, చింతపండుతో తోమి, కుంకుమభరిణె పెట్టుకుని బయల్దేరింది. క్వార్టర్స్‌లో ప్రతి గుమ్మం ఎక్కి, హాస్టల్లో ప్రతి గది తట్టి, ఆఖరికి తోటపనివాళ్ళ పాకలకి కూడా వెళ్ళింది. "రేపు మధ్యాహ్నం మన తోటలో ఉసిరిచెట్టు కింద వనభోజనం. ఇంటిల్లిపాదీ రావాలి."

చివరికి డీన్ గారి ఇల్లు. ఆయన భార్య అలివేలుమంగ తలుపు తీసింది. పద్మకుమారి ఆవిడ నుదుట బొట్టు పెట్టి, "మీరు తప్పకుండా రావాలి" అంది. ఇంటిల్లిపాదీ అనలేదు.

అలివేలుమంగ ఆ తేడా పట్టేసింది. "రేపటి భోజనానికి నాకూ ఫోనులోనే వచ్చిందమ్మా పిలుపు. పక్కగదిలోంచి మా వారే పంపారు" అని నిట్టూర్చి, "ఆవ పెట్టిన పులిహోర నేను కలుపుకొస్తాలే" అంది.

ఆదివారం పొద్దున్నే డీన్ గారు కమిటీని రామతీర్థం కొండకి దర్శనానికి తీసుకెళ్ళి, భోజనాల వేళకి ప్లాజాకి తెచ్చాడు. షామియానా ఉంది, హోటల్ వాళ్ళ బఫే ఉంది. కుర్చీలన్నీ ఖాళీ.

కమిటీ పెద్ద జానకిరామయ్య గారు చుట్టూ చూశారు. "ఏమండీ, బంధం అన్నారు. బంద్ అయినట్టుందే?"

"వచ్చేస్తున్నారండి, దారిలో ఉన్నారు."

ఇంతలో హాస్టల్ వెనక నుంచి ఆవ ఘాటు గుప్పున వచ్చింది. జానకిరామయ్య గారి ముక్కు ముందు నడిచింది, కాళ్ళు వెనక నడిచాయి.

తోటలో పంక్తులు కిటకిటలాడుతున్నాయి. శృంగవరపుకోట సంత నుంచి తెచ్చిన అడ్డాకు విస్తళ్ళలో కంద బచ్చలి, గుత్తి వంకాయ. పద్మకుమారి ఎదురెళ్ళి, కమిటీవాళ్ళకి చేతులు జోడించి, పేరుపేరునా పిలిచి కూర్చోబెట్టింది. వాళ్ళ పక్కనే డీన్ గారూ చతికిలబడ్డాడు. విస్తళ్ళు వేస్తూ వస్తున్న తాతమ్మ ఆయన్ని దాటేసింది.

"ఏయ్, ఇక్కడ ఆకేదీ?"

"మిమ్మల్ని పిలిసినారా బాబూ?"

ఆయన దిక్కులు చూశాడు. పులిహోర వడ్డిస్తున్న భార్య కనిపించింది. "నన్నొక్కదాన్నే పిలిచారండీ" అని ఆవిడ పక్క విస్తరికి సాగిపోయింది. పిలవని పేరంటానికొచ్చిన మొహం ఎలా ఉంటుందో ఊరంతా ఓసారి చూసుకుంది.

"ఇంత చక్కటి తోట ఎవరిదమ్మా?" అడిగారు జానకిరామయ్య గారు.

"పిల్లలదండి. ఉంటుందో, మీరు వెళ్ళాక ప్లాజాలో కలుస్తుందో డీన్ గారే చెప్పాలి."

అన్ని చేతులూ విస్తళ్ళలోనే ఆగిపోయాయి.

"ఉంటుంది" అన్నాడు డీన్, నేల చూస్తూ.

"సగమా?" అడిగింది పద్మకుమారి.

"మొత్తం."

"మరి టైల్సు, సార్?"

"తీయించేస్తాను."

"మేమంతా విన్నాం" అన్నారు జానకిరామయ్య గారు, ముద్ద కలుపుతూ.

డీన్ గారు ఆశగా ఆకు కోసం చూశాడు. పద్మకుమారి కడుపు మంట ఇంకా చల్లారలేదు.

"ఈ పంక్తి నిండిపోయింది సార్. వచ్చే పంక్తిలో వేస్తాం." పక్కనే ఉన్న ఇత్తడి పళ్ళెంలోంచి కుంకుమభరిణె తీసి కొంగున కట్టుకుంది. ఇంక ఆ పళ్ళెంతో ఆమెకి పని లేదు. అప్పటికే తిని లేచినవాళ్ళ విస్తళ్ళు మడిచి అందులో పేర్చి ఆయన ముందుకు చాపింది. "ఎరువు గుంట ఆ మూలన ఉంది. ఈ పళ్ళెం కాస్త పట్టుకోండి."

కమిటీ చూస్తోంది, భార్య చూస్తోంది. ఆయన పట్టుకున్నాడు.

ఫోను ఎత్తిన ఓ పిల్లకి పద్మకుమారి మెల్లిగా చెప్పింది. "మొహం రాకుండా తియ్యి తల్లీ."

ఫోటోలో పళ్ళెం బాగా వచ్చింది. వేళ్ళూ బాగా వచ్చాయి.