గట్టిగా, ఎక్కువసేపు నొక్కాలి

అలారం మోత అంటే అతనికి చెడ్డ చిరాకు. చిత్రమేమిటంటే ఆ వీధిలో మోటారు సైకిళ్ళకు అలారాలు బిగించేది అతనే. దొంగ చెయ్యి పడితే కూసే పెట్టె, దాని నోరు మూయించడానికి తాళంచెవికి వేలాడే బుల్లి రిమోటు. వందకు పైగా బళ్ళకు స్వయంగా అమర్చాడు. అందుకే జనం అతన్ని అలారం అని పిలుస్తారు. ఛీ, ఇదీ ఒక పేరేనా అని మొదట్లో మొహం చిట్లించేవాడు. ఇప్పుడు చిట్లించే ఓపిక కూడా లేదు.

ఆ బుధవారం పొద్దున పదింటికి అతని షాపు ముందు నాలుగు బళ్ళు, ఎదురుగా కొరియర్ ఆఫీసు ముందు పన్నెండు బళ్ళు. వాటిలో సగం ఏడుపు, సగం మొండితనం. రిమోటు నొక్కితే బండి వినదు. వినలేదు కదా అని తాళం పెట్టి తిప్పితే దొంగను చూసినట్టు కూత లంకించుకుంటుంది, చచ్చినా స్టార్టవదు. మంగళవారం అంతా ఈ జబ్బు వచ్చిపోతూ ఉంది. ఇవాళ తొమ్మిదిన్నర నుంచి పోవడమనేదే లేదు. రిమోట్లకు కొత్త సెల్లులు వేశాడు. వైర్లు విప్పి మళ్ళీ చుట్టాడు. రెండు పెట్టెలు మార్చి కొత్తవి పెట్టాడు. కొత్తవి ఇంకా గట్టిగా కూశాయి.

పక్కకొట్టు టైలరు బాబాయ్ చెవుల్లో దూది కుక్కుకుని మిషను దగ్గర కూర్చున్నాడు. ఆయన నోటికి మాత్రం దూది లేదు.

"ఒరే అలారం, దొంగలు రాకుండా పెట్టావో, గిరాకీలు రాకుండా పెట్టావో గానీ, పొద్దుట్నించీ నా కొట్టు మెట్టెక్కినవాడు లేడురా!"

"నువ్వు కూడా మొదలెట్టకు బాబాయ్. అసలే గోరుచుట్టు మీద రోకటిపోటులా ఉంది నాకు."

రోకలి ఎదురుగానే ఉంది. కొరియర్ సూపర్‌వైజరు రోడ్డు దాటి వచ్చి, చేతిలోని రిమోట్ల గుత్తిని బల్ల మీద గిరాటేశాడు.

"ఇదిగో, రెండింటిదాకా చూస్తా. మా కుర్రాళ్ళు పొద్దుట్నించీ పార్సిళ్ళు నెత్తిన పెట్టుకుని నడుస్తున్నారు. రెండింటికి బళ్ళు కదలకపోతే పన్నెండు పెట్టెలూ పీకి నీ గుమ్మంలో పోస్తా. మళ్ళీ నీ గడప తొక్కితే ఒట్టు!"

ఆ పన్నెండు బళ్ళ మీదే షాపు నడుస్తోంది. అవి పోతే మిగతా వీధి ఆగుతుందా? ఒక గొర్రె దూకితే మంద దూకదూ? పదేళ్ళుగా సంపాదించిన మంచిపేరు ఒక్క పూటలో మురిక్కాలవ పాలవుతుంది. అతను టార్చి తీసుకుని మొదటి బండి సీటు కిందికి తల దూర్చాడు. నూనె, దుమ్ము, ఎవడో నమిలి అంటించిన చూయింగ్ గమ్. థూ.

షాపు పైన ఒకే గది. అందులో అక్క ఉంటుంది. మెట్ల మీద జారి తుంటి విరిగి, ఆపరేషనై, మంచం పట్టి ఐదు వారాలు. అమ్మ పోయేనాటికి అతనికి మూడేళ్ళు, ఆమెకు పద్నాలుగు. పెంచింది ఆమే. ఏడేళ్ళొచ్చేదాకా అతను పక్క తడిపేవాడు. తెల్లారేలోగా దుప్పటి ఉతికి ఆరేసి, "నీళ్ళ గ్లాసు ఒలికింది నాన్నా" అని తండ్రికి చెప్పి, వీడి వీపు కాపాడేది. ఇదంతా అతనికి గుర్తు లేక కాదు. గుర్తుండి కూడా ఆ గది వాసన అతనికి పడదు. మందుల వాసన, మంచం వాసన, అన్నిటికీ మించి మంచం కింది ఆ బెడ్‌పాన్. దాన్ని ఎత్తాలంటే డోకొస్తుంది. వచ్చినందుకు సిగ్గేస్తుంది. సిగ్గేసినందుకు కోపమొస్తుంది.

భార్య దారాల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. ఎనిమిదింటికి వెళ్ళి ఆరింటికి వస్తుంది. "పొద్దున నేను చూస్తా, సాయంత్రం నేను చూస్తా. మధ్యలో మీ అక్క నీ పూచీ" అని మొదటి రోజే చెప్పేసింది. న్యాయమే. అందుకని అతను తీగలేని కాలింగ్‌బెల్ ఒకటి తెచ్చాడు. నొక్కే మీట పైన అక్క చేతిలో, పిట్ట కూత కూసే గంట కింద షాపులో. రెండూ సెల్లుల మీద నడిచేవే.

ఇక చూడండి ఆ పిట్ట! నీళ్ళు కావాలంటే కూత, ఫ్యాను తగ్గించాలంటే కూత, పాన్ కావాలంటే కూత. చెవిలో జోరీగ నయం. సోమవారం నలుగురు కస్టమర్లు ఉండగా మూడుసార్లు కూసింది. "వెళ్ళవయ్యా, మీ పిట్ట పిలుస్తోంది" అని ఒకడు నవ్వాడు. అతను గంట వెనక మూత తీసి, రెండు సెల్లులూ లాగేసి, వెలగకుండా పడివున్న టార్చిలో వేసుకున్నాడు. రెండ్రోజులేగా, ఈ పనులు తెమలనీ అనుకున్నాడు. మధ్యాహ్నం భోజనం ఇవ్వడానికి వెళ్తాంగా, అప్పుడు ఏం కావాలన్నా చూడొచ్చు అనుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే అక్క అడిగింది. "నొక్కితే రాలేదేంరా?"

"బండి కింద ఉంటే వినపడదక్కా. గట్టిగా, ఎక్కువసేపు నొక్కాలి."

కన్నార్పకుండా చెప్పాడు. నాలుక మడత పడలేదు.

ఇప్పుడు ఆ టార్చి వెలుగులోనే బండి కడుపంతా గాలించాడు. ఏమీ లేదు. వైర్లన్నీ నిమ్మకు నీరెత్తినట్టున్నాయి. పన్నెండున్నరకు భోజనం పట్టుకెళ్ళాలి. వెళ్ళలేదు. ఈ బండి అయ్యాక వెళ్దాం అనుకున్నాడు. అది అవ్వలేదు. చివరికి కోపం పట్టలేక ఒక బండిని చేత్తోనే తోసుకుంటూ వీధి చివరిదాకా పోయాడు. మలుపు తిరిగి, కసిగా రిమోటు నొక్కాడు.

టక్కున నోరు మూసింది!

వెనక్కి తోసుకొచ్చాడు. వీధి సగంలో రెండుసార్లు నొక్కితే ఒకసారి వింది. షాపు దగ్గరికొచ్చేసరికి అసలు వినలేదు. అప్పుడు వెలిగింది బుర్ర. ఇలాంటి చిన్న రిమోట్లన్నీ గాలిలో ఒకే దారిన మాట్లాడుకుంటాయి. ఒకడు ఊపిరి తిప్పుకోకుండా అరుస్తూ కూర్చుంటే ఇంకెవడి మాటా వినపడదు. తప్పు బళ్ళది కాదు. ఇక్కడే, ఈ నాలుగు కొట్లలోనే, ఏ దౌర్భాగ్యుడిదో ఒక మీట అతుక్కుపోయింది.

"ఎవడిదో తెలిస్తే వాడి మొహాన ఉమ్మేస్తా బాబాయ్!" అన్నాడు. ఆ మాట నిజంగా అన్నాడు, అందరూ విన్నారు.

టైలరు కొట్టు మెయిన్ స్విచ్ తీయించాడు. లాభం లేదు. కొరియర్ ఆఫీసు షట్టరు రిమోటులోంచి సెల్ పీకించాడు. లాభం లేదు. ఒంటిగంటన్నర దాటింది. చివరికి తన మెయిన్ తనే దించాడు. ఫ్యాను ఆగింది, కూత ఆగలేదు.

"నీ కొట్లోనే చూసుకోరా ముందు" అన్నాడు టైలరు బాబాయ్. "చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టుంది నీ వరస."

అతను ఒక బండిని షాపులోకి తోసుకొచ్చి రిమోటు నొక్కాడు. బండికి ఆనించి నొక్కినా పని చెయ్యలేదు. అంటే ఆ మీట ఇక్కడే ఎక్కడో ఉంది. బల్ల కింద చూశాడు. సొరుగులు లాగాడు. తల పైకెత్తాడు. గోడకు పిట్ట గంట వేలాడుతోంది, కడుపు ఖాళీగా.

సెల్లులు తీసింది గంటలోంచే, మీటలోంచి కాదు.

మెట్లు ఎలా ఎక్కాడో తెలీదు. తలుపు తీయగానే వాసన కొట్టింది, మందుల వాసన కాదు. అక్క మొహం గోడవైపు తిప్పుకుని ఉంది. దుప్పటి తడిసి, ఆరి, మళ్ళీ తడిసింది. ఆమె కుడిచేతి పక్కన మీట ఉంది. మాత్రల అట్ట నాలుగు మడతలు పెట్టి దాని మీద నొక్కిపట్టి, ఊడకుండా రబ్బరు బ్యాండు చుట్టింది.

"వచ్చావా?" అంది, ఇటు తిరక్కుండానే. "బొటనవేలు లాగేస్తోందిరా, అందుకని బ్యాండు చుట్టాను. గట్టిగా, ఎక్కువసేపు నొక్కమన్నావుగా."

అతను మంచం దగ్గరికి వచ్చాడు.

"కింద బళ్ళు తెగ ఏడుస్తున్నాయి. పాపం, వాటి దగ్గరున్నావనుకున్నా." తర్వాత చిన్న గొంతుతో అంది. "పక్క మీద నీళ్ళ గ్లాసు ఒలికిందిరా."

స్టూలు మీద గ్లాసు నిండుగా ఉంది.

ఉమ్మేస్తానన్నాడు కదా, ఆ మొహం ఎదురుగా గోడ అద్దంలోనే ఉంది. అతను చూడలేక చూపు తిప్పుకున్నాడు. బ్యాండు తెంపాడు. కింద ఎవరో రిమోటు నొక్కినట్టున్నారు, ఒకటి తర్వాత ఒకటి బళ్ళన్నీ నోళ్ళు మూశాయి. వీధంతా చప్పట్లు, ఈలలు. "అలారం, సాధించావయ్యా!" అని సూపర్‌వైజరు కేక. అతను కిటికీలోంచి తొంగి చూడలేదు. నీళ్ళు కాచి తెచ్చాడు. అక్కను పక్కకు తిప్పి, తుడిచి, ఒళ్ళు ఆర్చి, బట్టలు మార్చాడు. నడుం దగ్గర తోలు ఎర్రగా కమిలిపోయి ఉంది. పాన్ కడిగాడు. డోకు రాలేదని కాదు, వచ్చింది. కానీ ఆ డోకు పాన్‌ను చూసి వచ్చింది కాదని అతనికి తెలుసు. చల్లారిన అన్నం వేడి చేసి పెడితే ఆవురావురుమంటూ తింది.

కిందికి దిగాడు. గుమ్మంలో సూపర్‌వైజరు నిలబడి వున్నాడు. "ఇంతకీ ఫాల్టు ఎక్కడయ్యా? ఎవడిదా మీట?"

"మాదే" అన్నాడు. టార్చి మూత తిప్పి రెండు సెల్లులూ తీసి, గంటలో వేశాడు.

వేసిన నిమిషానికి పిట్ట కూసింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అతను రెండేసి మెట్లు ఎక్కి పరుగెత్తాడు.

"ఏం కావాలక్కా?"

"ఏం వద్దురా. మోగుతోందో లేదో అని నొక్కా." మొహం విప్పారింది ఆమెకు. "పాడైందని నేననుకుంటూనే ఉన్నా. బాగుచేశావా?"

సెల్లులు తీసింది నేనే అక్కా. ఆ మాట చెప్పాలనే నోరు తెరిచాడు.

"చేశా" అన్నాడు.

"నీ చేతిలో పడ్డాక బాగవకపోవడమేంటి?" అని, అతని చెయ్యి పట్టుకుని, గ్రీజు అంటిన ఆ వేళ్ళను ముద్దు పెట్టుకుంది.